62 కిలోల ట్యాంకు

మా రిమోట్ ట్యాంకు వీడియో చూసినంక చానామంది అడిగిండ్రు, ఎక్కడ కొన్నరు, ఎంత పడ్డది అని. కొనలేదు. హాస్టల్ వాళ్ళం నలుగురం కలిసి చేసినం. అందుకే ఈ పొడుగు పోస్టు.

మేము నమూనాగా తీసుకున్నది టీ-72. మన దేశంలో దానికి అజేయ అని పేరు, చెన్నై దగ్గర ఆవడిలో తయారు చేసిండ్రు. అసలుది దాదాపు 41 టన్నులు. మాది దాంట్ల ఎనిమిదో వంతు, 87 సెంటీమీటర్ల పొడవు. బరువు కూడా ఎనిమిదో వంతే ఉంటదని అనుకోవద్దు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతయి కాబట్టి బరువు 512 వంతుల్లో ఒక వంతు అయితది, అంటే 80 కిలోలు. మాది తరాజు మీద 62 తూగింది. అసలుదానికున్నంత మందం ఇనుము మేమెక్కడ తేవాలె!

పైసలంటరా, దీపావళికి ఊరికి పోయి, దండారి ఆడి, ఆ తర్వాత పత్తి ఏరినం. ఆ కూలితోనే రేకు, బ్యాటరీలు, రిమోటు వచ్చినయి. మిగతాది పాత ఇనుప సామాన్ల దుకాణంలో దొరికింది. లారీ వైపర్ మోటార్లు రెండు, ఒక్కో పట్టాకు ఒకటి. వీటికి వేగం ఉండదు, బలం ఉంటది. మా ట్యాంకు ఎద్దు కన్న నెమ్మదిగా నడుస్తది, కానీ ఆగదు.

అసలు కష్టమంతా పట్టాలదే. బైకుల పాత చైన్లు రెండు పక్కపక్కన పెట్టి, వాటి మీద అడ్డంగా ఇనుప ముక్కలు అతికించినం. పాత చైను వాడకంతోని సాగుతది, ఒక్కోటి ఒక్కో తీరు. జోడీలో ఒకటి పొడుగైతే ముక్క వంకరపోయి పట్టా పండ్ల చక్రం మీదినుంచి జారుతది. అందుకే చైన్లన్నీ గోడకు మేకులు కొట్టి వేలాడదీసి, వంద లింకులు లెక్కబెట్టి టేపుతో కొలిచి, సమానంగా ఉన్నవాటిని జత చేసినం. రెండు రాత్రులు ఇదే పని.

వెల్డింగ్ షాపు అన్న కొట్టు కట్టేసే ముందు మిషన్ వాడుకోనిచ్చేది. వేడికి రేకు మెలిక పడుతది. మాలో ఒకని తాత ఎడ్లబండి చక్రాలకు ఇనుప కమ్ములు ఎక్కించేటోడు, వానికి ఇనుము సంగతి చిన్నప్పటి నుంచి ఎరుకే. ముందు మూలలకు చుక్కలు పెట్టించి, ఒక దిక్కు అతికితే వెంటనే ఎదురు దిక్కు అతికించిండు. మా పుస్తకంలో ఇది ఒక్క లైనే ఉంది.

దీనికి స్టీరింగ్ ఉండదు. ఒక పట్టా ఆపి ఇంకోటి నడిపిస్తే తిరుగుతది. తిరిగేటప్పుడు పట్టాలు నేలను అడ్డంగా రాసుకుంటయి కాబట్టి కరెంటు బాగా గుంజుతది. కిట్లలో వచ్చే ఎల్298 బోర్డు 2 ఆంపియర్లకే, అది పనికిరాదు. ఒక్కో మోటారుకు ఒక బీటీఎస్7960 పెట్టినం.

వానకు తడిసిన నల్లరేగడిలో దింపితే మా కాళ్ళు దిగబడ్డయి, ట్యాంకు దిగబడలేదు. బరువంతా రెండు పట్టాల మీద పరుచుకుంటది. మేము లెక్క కడితే చదరపు సెంటీమీటరుకు 80 గ్రాములే పడుతున్నది. ఒంటికాలు మీద నిలబడ్డ మనిషి దీనికి నాలుగింతలు నొక్కుతడు.

ఎగ్జిబిషన్‌కు వచ్చిన ఒక పెద్దాయన చూసి "ఏ కంపెనీ కిట్?" అన్నడు. మేమే చేసినం సార్ అంటే, "నిజంగ ఎవరు చేసిచ్చిండ్రు?" అన్నడు. నలుగురం పట్టి బోర్లేసి వెల్డింగ్ మరకలు చూపించినం. నవ్వి పోయిండు. బహుమతి రాలేదు. ఆ నవ్వు మాత్రం ఇంకా గుర్తుంది.

దానికన్న గట్టి ప్రశ్న మాలో ఒకని బాపు ఫోన్‌లో అడిగిండు: "ఊర్లె తుపాకులు, చెకింగులు చూసింది చాలదా బిడ్డా, మళ్ళ మీకు ట్యాంకెందుకు?" మా దగ్గర సరైన జవాబు లేకుండె. ఫిరంగి అంటే మూతి మూసిన నీళ్ళ పైపే, పై గుమ్మటం నాలుగు బోల్టుల మీద కూర్చున్నదే. ఆ బోల్టులు విప్పి, గుమ్మటం తీసి, 20 లీటర్ల నీళ్ళ డబ్బాలు రెండు పెట్టి మెస్ దాక నడిపించినం. ఆ ఫోటో బాపుకు పంపినం. ఇంకా ఏం అనలేదు.

ఐటీఐ, పాలిటెక్నిక్ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎవరికైనా కొలతలు కావాలంటే అడగండి, కాగితం మీద గీసి పెట్టినం. చైన్లు మాత్రం ఇప్పటినుంచే ఏరిపెట్టుకోండి.