పల్లెను నమ్ముకున్న బిషప్

ఇంగ్లిషులో అనర్గళంగా ఉపన్యసించే తమిళుడు డోర్నకల్ చేరేసరికి మళ్లీ అక్షరాలు దిద్దుకోవాల్సి వచ్చింది. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో నిజాం రాజ్యంలోని ఆ రైల్వే జంక్షన్‌కు పాస్టరుగా వచ్చేనాటికి ఆయన వయసు సుమారు 35 ఏళ్లు. అంతవరకూ వైఎంసీఏ కార్యదర్శిగా దేశమంతా తిరిగిన మనిషి. వినడానికి వేలమంది ఉండేవారు. ఇక్కడున్నది కూలికి పోయే మాలలు, మాదిగలు. వారి తెలుగు ఆయనకు రాదు.

మరుసటి ఏడాది ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన తెల్ల మిషనరీలకు ఇబ్బంది కలిగించే మాటే చెప్పారు. వారి త్యాగాలను కొనియాడుతూనే, భారతీయులు కోరుతున్నది స్నేహమన్నారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ హోదా పొందిన తొలి భారతీయుడు. ఇప్పుడు ప్రశ్న ఆయన వైపే తిరిగింది. తెల్లవారిని అడిగిన సమానత్వాన్ని ఈ పల్లెవాసులకు తాను ఇవ్వగలడా?

జవాబు డోర్నకల్‌లోని శిక్షణ పాఠశాలలో దొరుకుతుంది. పల్లె నుంచి వచ్చినవాడు చదువుకుని దొరబాబులా తిరిగి వెళ్తే ఆ చదువు దండగని ఆయన అభిప్రాయం. అందుకే బైబిల్‌తోపాటు పొలం పనీ తప్పనిసరి. పెళ్లయిన విద్యార్థి భార్యకూ అక్కడే చదువు. ఆ రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. పల్లెలో ఆడవాళ్లతో మాట్లాడేది, పిల్లలకు అక్షరాలు నేర్పేది ఆమే మరి! ఆయన భార్య అన్బు కూడా చదువుకున్నావిడే.

అవసరమూ అలాంటిదే. 1912లో సుమారు 57 వేలున్న డయోసిస్ సభ్యుల సంఖ్య 1941 నాటికి 2.25 లక్షలు దాటింది. అంతమందికి పాస్టర్లను విదేశాల నుంచి తెచ్చేదెవరు, జీతాలిచ్చేదెవరు? పేదలైనా సరే తమ సంఘాన్ని తామే పోషించుకోవాలని ఆయన పట్టుబట్టారు. కానుకలివ్వడం మీద ఏకంగా ఓ పుస్తకమే రాశారు. సామూహిక మతమార్పిళ్ల విషయంలో గాంధీజీతో వచ్చిన విభేదం మరో పెద్ద కథ.

గుమ్మటాలు, స్తంభాలతో మసీదునూ, గుడినీ గుర్తుచేసే ఎపిఫనీ కెథెడ్రల్ 1939లో ప్రతిష్ఠకు నోచుకుంది. చూడవచ్చేవారు దాన్నే ఆయన స్మారకమంటారు. అసలు స్మారకం పల్లెల్లో ఉంది. సంఘాన్ని నడిపింది అక్కడి ఉపాధ్యాయులు, పాస్టర్లే.

అయితే 1945 జనవరి 1న ఆయన కన్నుమూశాక బిషప్ పీఠమెక్కింది తెలుగువాడు కాదు. పదేళ్లుగా సహాయ బిషప్‌గా ఉన్న తెల్ల మిషనరీ ఎ.బి. ఇలియట్. మూడు దశాబ్దాలకు పైగా స్థానికులను తయారుచేసిన చోటే ఇలా జరిగింది. ఆయన ఏళ్ల తరబడి శ్రమించిన దక్షిణ భారత సంఘం 1947 సెప్టెంబర్ 27న ఏర్పడింది. అది చూడటానికి ఆయన లేరు. ఇలియట్ మాత్రం 1955 వరకూ ఆ పీఠంలోనే ఉన్నారు.