తొమ్మిదీ పద్దెనిమిది రైలు

ఉదయం తొమ్మిదీ పద్దెనిమిదికి రైలు కదిలిందంటే చాలు... ఊళ్లో మగవాళ్లు మాయం! సాయంత్రం వరకూ ఆ కొండమీది వీధుల్లో కనిపించేది ఆడవాళ్లే. మగ మనిషి ఎదురైతే అతను డాక్టరో, పైపులు బాగుచేసేవాడో అయ్యుండాలి. ఇంగ్లండ్‌లోని ఆల్డర్లీ ఎడ్జ్‌లో వందేళ్ల కిందట రోజూ జరిగిన తంతు ఇది. అక్కడే పెరిగిన క్యాథరిన్ చోర్లీ 1950లో వచ్చిన 'మాంచెస్టర్ మేడ్ దెమ్' పుస్తకంలో ఈ సంగతులు రాశారు. భర్తలది మొదటి తరగతి. అదే రైల్లో భార్యో కూతురో వెళ్లాల్సి వస్తే మాత్రం మూడో తరగతిలో కూర్చోవాలి. పెద్దమనుషుల పెట్టెలో ఆడవాళ్లేమిటి మరి!

ఈ ఊరు మాంచెస్టర్‌కి దక్షిణాన పాతిక కిలోమీటర్ల లోపే. 1842లో రైలు వచ్చేనాటికి అదో పల్లెటూరు, పేరు చోర్లీ. ప్రయాణికులు లేకపోతే రైలు నడిచేదెలా? అందుకే కంపెనీ ఓ ఎర వేసింది. స్టేషన్‌కి దగ్గర్లో పెద్ద ఇల్లు కట్టుకున్నవాళ్లకి ఏళ్ల తరబడి మొదటి తరగతి పాసు ఉచితం. మిల్లుల పొగతో విసిగిన నూలు వ్యాపారులు పరిగెత్తుకొచ్చారు. కొండవాలు నిండా భవంతులు లేచాయి. లాంకషైర్‌లో మరో చోర్లీ ఉండటంతో తికమక ఎందుకని 1876లో స్టేషన్‌కి ఆల్డర్లీ ఎడ్జ్ అని పేరు పెట్టారు. ఊరూ ఆ పేరుతోనే స్థిరపడింది. అన్నట్టు, లాంకషైర్ మిల్లుల గుడ్డ ఓడలెక్కి వచ్చి మన దగ్గర ఎన్ని మగ్గాల్ని మూలన పడేసిందో తెలిసిందే. ఆ లాభాల్లో కొంతైనా ఈ భవంతుల గోడల్లో ఉండే ఉంటుంది.

రైలుకన్నా ముందూ అక్కడ మనుషులున్నారు. ఊరి మీదుండే కొండలో కంచు యుగం నాటి రాగి గనులున్నాయి. ఆ కొండకో కథ ఉంది. ఓ రైతు తెల్లగుర్రాన్ని సంతకి తోలుకెళుతుంటే ముసలి మాంత్రికుడు అడ్డుపడి అమ్మమన్నాడు. రైతు ఒప్పుకోలేదు. సంతలో అందరూ గుర్రాన్ని మెచ్చుకున్నారుగానీ ఎవరూ కొనలేదు. తిరిగొస్తుంటే మళ్లీ ముసలాయన! ఈసారి ఇనుప తలుపులు తెరిచి లోపలికి తీసుకెళ్లాడు. అక్కడ గుర్రాలతో సహా నిద్రపోతున్న వీరులు. ఒక్క గుర్రమే తక్కువైంది. రైతు నగలూ రత్నాలూ మూటకట్టుకుని బయటికొచ్చాడు. ఆ తలుపు మళ్లీ ఎవరికీ కనిపించలేదట.

ఈ కథని 1960లో 'ది వియర్డ్‌స్టోన్ ఆఫ్ బ్రిసింగమెన్' నవలలోకి తెచ్చిన ఆలన్ గార్నర్ ఈ ఊరి పిల్లాడే. భవంతుల పిల్లాడు కాదు, తరతరాలుగా రాయీ ఇనుమూ నమ్ముకున్న పనివాళ్ల ఇంటివాడు. మాంత్రికుడి బావి దగ్గర బండమీద గడ్డం ముఖం చెక్కింది ఆయన ముత్తాత తండ్రేనట. బళ్లో చేరిన కొత్తలో ఇంట్లో మాట్లాడే చెషైర్ యాస నోట్లోంచి వచ్చిందని టీచరు సబ్బుతో నోరు కడిగారు. పల్లె యాస మాట్లాడి బళ్లో దెబ్బలు తిన్నవాళ్లకి ఆ సబ్బు రుచి వేరే చెప్పాలా?

అదే బడి గోడకి ఓ పాత చెక్క పార వేలాడుతుండేది. 1875లో గని పనివాళ్లకి దొరికింది. 1953లో గార్నర్ దాన్ని చెత్తలో కలిసిపోకుండా కాపాడి దాచుకున్నారు. పండితులు పెద్దగా పట్టించుకోలేదు. దాదాపు నలభై ఏళ్ల తర్వాత కార్బన్ పరీక్ష చేస్తే... వయసు 3,700 ఏళ్ల పైమాటే!

నూలు దొరలు పోయారు. వాళ్ల వీధుల్లోకి ఫుట్‌బాల్ ఆటగాళ్లొచ్చారు. మాంచెస్టర్ యునైటెడ్‌కి ఆడే రోజుల్లో బెక్‌హామ్ దంపతుల కాపురమూ ఇక్కడే. ఎత్తైన గేట్లు, ఖరీదైన కార్లు... మన జూబ్లీహిల్స్‌కి చుట్టరికం కలపొచ్చు. ఇంతా చేస్తే జనాభా ఐదువేల చిల్లర. ఆ గోడలు కట్టిన రాతిపనివాళ్ల మునిమనవలు అక్కడ ఇల్లు కొనాలంటే మాత్రం మాంత్రికుడి రత్నాల మూట దొరకాల్సిందే.

కొండ మాత్రం అమ్మకానికి లేదు. నేషనల్ ట్రస్ట్ అధీనంలో ఉంది. ఎవరైనా ఎక్కొచ్చు. గడ్డం ముఖం కింద బావిలోకి ఇప్పటికీ బండమీంచి నీళ్లు చుక్కచుక్కగా పడుతుంటాయి. చెక్క పార మాంచెస్టర్ మ్యూజియానికి చేరింది.