మేల్కొన్నవాడు నిద్రించినవాడేనా?



నిద్ర నుండి లేచినవాడు నిద్రించినవాడేనా అన్న విచారణ బ్రహ్మసూత్రాల తృతీయాధ్యాయ ద్వితీయపాదంలో ఉన్నది. జలరాశిలో కలిసిన నీటిబిందువును మరల ఆ బిందువుగానే పైకి తీయజాలము. అట్లే సుషుప్తిలో సద్వస్తువుతో ఏకమైన జీవుడే మరల లేచుననే నియమమేమి అని పూర్వపక్షం. అతడే లేచునని సిద్ధాంతం. నిన్న సగంలో విడిచిన కర్మను నేడు పూరించడం, పూర్వానుభవస్మరణ, శ్రుతివచనం, విధుల సార్థక్యం అనునవి హేతువులు. బిందువును వేరుపరచే గుర్తు లేదు, జీవునికి కర్మావిద్యల రూపంలో ఉన్నదని భాష్యకారుల సమాధానం.

మా ఆలయ కార్యాలయంలోని లినక్స్ డెస్క్‌టాప్ ఈ అధికరణాన్ని నాకు మరల మననీయం చేసింది. గురువుగారి స్వరపాఠాలను అందులో ఎక్కిస్తున్నాము. మధ్యాహ్నం తలుపులు మూసేవేళ దానిని హైబర్నేట్ చేయడం మా అలవాటు. సస్పెండ్‌లో ర్యామ్‌కు విద్యుత్తు అందుతూనే ఉంటుంది. హైబర్నేషన్‌లో ర్యామ్‌లోని స్థితి డిస్కుపై స్వాప్ స్థలానికి చేరి, యంత్రం పూర్తిగా ఆగిపోతుంది. అది యంత్రానికి సుషుప్తి.

ఒక అప్‌డేట్ పిమ్మట యంత్రం లేచింది గాని, తెరచిన పాఠాలేవీ లేవు. శిష్యుడొకడు పరిశీలించి కారణం కనుగొన్నాడు. కెర్నల్ మేల్కొనేటప్పుడు ఏ స్వాప్‌లో వెదకవలెనో తెలిపేది రెజ్యూమ్ అనే సూచన. అందులో ఆ స్వాప్ యొక్క యూయూఐడీ ఉంటుంది. అప్‌డేట్‌లో బూట్ అమరికలు మారి ఆ సూచన లుప్తమైంది. అతడు దానిని గ్రబ్ అమరికలో మరల చేర్చి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను పునర్నిర్మించాడు. స్వాప్ విభాగానికి బదులు స్వాప్ ఫైలున్నచోట, అది డిస్కుపై ఆరంభమయ్యే స్థానాన్ని తెలిపే ఆఫ్‌సెట్ కూడా కావలెనన్నాడు.

స్మృతి భద్రంగా ఉన్నంత మాత్రాన చాలదు, దానిని చేర్చే గుర్తు కావలెనని ఇందువలన తేటపడింది. అయితే ఉపమానం అంతటితో ఆగుతుంది. సూచన లేక కొత్తగా లేచిన యంత్రం ఆ స్వాప్‌ను మామూలు వాడుకకు తీసుకొని పూర్వస్థితి ముద్రను చెరిపివేస్తుంది. ఆపై దానిని మరల పొందలేము. జీవుని విషయంలో శాస్త్రం అట్లనదు.

గురువుగారికి ఎనభై దాటినవి. మధ్యాహ్ననిద్ర నుండి లేచి ఒక్కొక్కనాడు మమ్ము గుర్తింపరు. ఆనాడే ఒక విద్యార్థి ఉదాత్తాన్ని స్వరితంగా పలికితే వారి చూపుడువేలు లేచింది. మా పేర్లకు తోవ మూసుకున్నది, స్వరానికి మూసుకొనలేదు. లేచినవారు మా గురువుగారే.

అందుచేత వారు కన్నులు తెరువగానే మేమెవరమో చెప్పుమని అడుగము. ప్రక్కన కూర్చుండి అనువాకం ఆరంభిస్తాము.

స్వస్తి.