మన లెక్క, బడి లెక్క

"వీళ్లకి లెక్క రాదు" అనే మాట మన పిల్లలు బడిలో అడుగుపెట్టిన రోజు నుంచీ వింటూనే ఉంటారు. యానాది పిల్లవాడైనా, ఎరుకల పిల్లయినా, సుగాలీ తండా బిడ్డయినా మూడో తరగతి దాటేసరికి ఆ మాటను నమ్మేస్తారు. బడి ఎందుకు మానేశావని అడిగితే చాలామంది "లెక్కలంటే భయం" అంటారు. మేమూ ఆ భయంతోనే పెరిగాం. అది ఎట్లా పోయిందో మన యువతకూ, మన పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయులకూ చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేము ముగ్గురం. ఇద్దరం యానాదులం, ఒకరు ఎరుకల. పల్లిపాడు డైట్‌లో శిక్షణ పొందే రోజుల్లో బోధనాభ్యాసానికి మాకు నెల్లూరు జిల్లా పడమటి వైపు పల్లెలు వచ్చాయి. ఒకరికి ఉదయగిరి కొండ కింద, ఇద్దరికి ఆత్మకూరు దగ్గర. నిత్యజీవితంలో గణితం ఎక్కడెక్కడ ఉందో చూసి రాయడం మాకిచ్చిన ప్రాజెక్టు పని. పుస్తకంలో ఉదాహరణలు రైలు వేగం గురించీ, గోడలకు రంగు వేయడం గురించీ ఉన్నాయి. మేము వాటిని పక్కనపెట్టి సాయంత్రాలు కాలనీల్లో తిరిగాం.

మొదట చేపల దగ్గర చూశాం. సోమశిల జలాశయం వైపు వేటకు పోయినవాళ్లు తిరిగొచ్చాక చేపలను పాళ్లు పెడతారు. మనుషులు ఐదుగురైతే కుప్పలు ఆరు. ఆరోది వలది. పెద్ద చేపలు కుప్పకు ఒకటి చొప్పున ముందు పడతాయి. తర్వాత నడిరకం, చివర చిన్నవి పిడికిళ్లతో. ఎక్కడైనా పెద్దది తగ్గితే దానికి సరిపోను చిన్నవి కలుపుతారు. తక్కెడ లేదు. అంతా అయ్యాక ఒకరు వీపు తిప్పి నిలబడతారు. ఇంకొకరు ఒక కుప్ప మీద చెయ్యిపెట్టి "ఇది ఎవరిది?" అంటారు. వీపు తిప్పినవాడు ఎవరి పేరు చెబితే ఆ కుప్ప వాళ్లది. ఎవరికీ అనుమానం ఉండదు, ఎవరూ పోట్లాడరు. ఆరు కుప్పలకూ సమంగా రాకుండా మిగిలిన రెండో మూడో చేపలు వేటకు పోలేని ముసలామె చట్టిలో పడతాయి. మేము బడిలో పిల్లలతో భాగహారం చేయించేటప్పుడు ఈ పాళ్లనే చెప్పాం. భాజకం అంటే కుప్పలు, భాగఫలం అంటే ఒక్కో పాలు, శేషం అంటే అవ్వ చట్టిలోకి పోయేది. శేషం ఎప్పుడూ కుప్పల సంఖ్య కంటే తక్కువే ఎందుకుండాలి అని అడిగితే నాలుగో తరగతి పిల్ల వెంటనే చెప్పింది: "ఆరు మిగిలితే ఇంకో సుట్టు ఏస్తారు గదా!"

ఆత్మకూరులో చేపలమ్మే ఒక అవ్వ పక్కన ఆమె మనవడు కూర్చుని చిల్లర ఇచ్చేవాడు. వాడు మా తరగతిలోనే నాలుగు చదువుతున్నాడు. కిలో నూట అరవై. ఒకాయన కిలోన్నర తీసుకుని ఐదొందల నోటు ఇచ్చాడు. వాడు కన్ను ఆర్పేలోపు రెండొందల అరవై తిరిగిచ్చేశాడు. ఎట్లా చేశావురా అంటే, "కిలో నూటరవై, అర ఎనభై, రెండొందల నలభై. దానికి పది ఏస్తే రెండొందల యాభై, ఇంకో రెండొందల యాభై ఏస్తే ఐదొందలు. అంతే గద సార్!" అన్నాడు. మరుసటి రోజు పలక మీద 500లోంచి 240 తీసెయ్యమంటే 340 అని రాశాడు. సున్నాలోంచి నాలుగు పోదు కాబట్టి నాలుగులోంచి సున్నా తీసేశాడు. అంగడిలో అదే లెక్క చేశాడని వాడికి తోచనే లేదు.

ఇది మన పిల్లవాడి ఒక్కడి సంగతి కాదు. బ్రెజిల్ దేశంలో రెసిఫె అనే నగరంలో వీధుల్లో కొబ్బరికాయలూ, పండ్లూ అమ్మే పిల్లల మీద ముగ్గురు పరిశోధకులు 1985లో ఒక అధ్యయనం ప్రచురించారు. పిల్లలు ఐదుగురే. అమ్మకం దగ్గర అడిగిన లెక్కల్లో నూటికి 98 సరిగ్గా చెప్పారు. అవే లెక్కలను వట్టి అంకెలుగా కాగితం మీద ఇస్తే నూటికి 37 మాత్రమే సరిపోయాయి. మనకు సముద్రాల అవతల ఉన్న పేద పిల్లలకూ మన పిల్లలకూ ఒకే ఇబ్బంది. లెక్క వాళ్లకు వచ్చు, ఆ లెక్కకూ కాగితానికీ మధ్య దారి ఎవరూ వేయలేదు.

మేము ఆ దారి వేసే ప్రయత్నం చేశాం. వాడు నోటితో అన్నదాన్నే పలక మీద రాయించాం: 240, పక్కన 10, దాని పక్కన 250. పదీ రెండొందల యాభై కలిపితే 260. అదే జవాబని వాడే చూశాడు. ఆ తర్వాత ఐదొందల నోటును ఐదు వంద నోట్లుగా, ఒక వంద నోటును పది పది నోట్లుగా మార్చి, "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవడం" అంటే నోటు మార్చడమేనని చూపించాం. వారం రోజుల్లో నిలువు తీసివేత కుదిరింది.

ఉదయగిరి వైపు ఎరుకల పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నది ఇంకో రకం. ఆమె బుట్టకు నిలువు బద్దలు పేర్చేటప్పుడు జతలు జతలుగా లెక్కపెట్టి, చివర ఒక బద్దను రెండుగా చీల్చింది. ఎందుకు అని అడిగితే, "అన్నీ జతలైతే అల్లే బద్ద ముందు సుట్టులో పైన పోయిన కాడ మళ్లీ పైనే పోతాది నాయనా. అల్లిక పట్టదు. ఒంటిది ఒకటి ఉండాల" అంది. ఒకే బద్దతో ఒకటి మీదుగా, ఒకటి కిందుగా చుట్టూ తిప్పుకుంటూ పోవాలంటే నిలువు బద్దలు బేసి సంఖ్యలో ఉండాలి. జత, ఒంటి అని ఆమె అన్నవే బడిలో సరి, బేసి. బుట్ట అడుగు జానెడు వెడల్పుంటే చుట్టు ఎంత పడుతుందని అడిగాం. "మూడు జానలు, పైన రెండేళ్లు. ముడికి యేరే" అంది. జానకు పన్నెండు వేళ్లు. పుస్తకంలోని 22/7 ప్రకారం లెక్కేస్తే మూడు జానల పైన రెండు వేళ్లకు కొంచెం తక్కువే వస్తుంది. ఆమె చెప్పినది సరిపోయింది. ఏడో తరగతి పిల్లలు వృత్తం పాఠం ఆ రోజు బుట్టతోనే నేర్చుకున్నారు.

ధాన్యం కొలతలూ అంతే. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ఈ రోజు నెల్లూరు పుట్టి అంటే 850 కిలోల వడ్లు. సోల, మానిక ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉన్నాయి. ఇసుక పోసి కొలిపిస్తే సగం, పావు, ఎనిమిదో వంతు పిల్లల చేతికే తెలుస్తాయి.

ఇంతవరకు సంతోషంగానే ఉంది. కానీ మనవాళ్లకు లెక్క వచ్చు అని పొగుడుకుని ఆగిపోతే మన కడుపు నిండదు. మన లెక్క నోట్లో ఉంది, మన అప్పు కాగితం మీద ఉంది. దెబ్బ తగిలేది అక్కడే.

వడ్డీ సంగతి చూడండి. బడి పుస్తకంలో "సంవత్సరానికి 12 శాతం" అని ఉంటుంది. పల్లెలో దాన్ని రూపాయి వడ్డీ అంటారు, నూటికి నెలకు ఒక రూపాయి కాబట్టి. ఈ రెండూ ఒకటేనని తెలియకుండానే పది పాసైనవాళ్లు ఉన్నారు. 2004లో మన రాష్ట్రంలో మహిళా సంఘాలకు పావలా వడ్డీ పథకం వచ్చింది. పావలా వడ్డీ అంటే సంవత్సరానికి 3 శాతం. మూడు రూపాయల వడ్డీ అంటే 36 శాతం, అంటే పన్నెండు రెట్లు. పదివేలు ఐదు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు ఐదొందలు. ఇరవై నెలల్లో కట్టిన వడ్డీయే పదివేలవుతుంది, అసలు అట్లానే ఉంటుంది. ఈ లెక్క మేము ఎనిమిదో తరగతిలో చేయించినప్పుడు గది అంతా నిశ్శబ్దమైపోయింది. తమ ఇంటి అప్పు ఎంతో అందరికీ తెలుసు.

ఒక కాలనీలో ఒక తల్లి నిమ్మతోటలో పనికి పోయేది. ఆమెకు చదువు లేదు. పనికి పోయిన రోజుకు ఒక గీత చొప్పున గోడ మీద బొగ్గుతో గీసేది. నాలుగు గీతలు నిలువుగా, ఐదోది అడ్డంగా. కూతురు మా ఐదో తరగతి విద్యార్థిని. ఇంటిదగ్గర ఉన్న అంకెలు రాసుకురమ్మంటే ఆ పిల్ల గోడను నోటుబుక్కులోకి ఎక్కించింది: పదిహేడు కట్టలు, మూడు గీతలు. పదిహేడు ఐదులు ఎనభై ఐదు, మూడు కలిపితే ఎనభై ఎనిమిది. తోట యజమాని పుస్తకంలో డెబ్భై తొమ్మిది రోజులే ఉన్నాయి. రోజుకు మూడొందల చొప్పున తొమ్మిది రోజులకు రెండువేల ఏడొందలు.

తల్లీ కూతురూ నోటుబుక్కు తీసుకుని పోయారు. గోడను ఎవరూ మోసుకుపోలేరు. నోటుబుక్కును పోగలరు. తారీఖుల వారీగా చూపిస్తే యజమాని ఆరు రోజులకు ఒప్పుకున్నాడు, మూడు రోజులకు ఒప్పుకోలేదు. వచ్చింది పద్దెనిమిది వందలు. పూర్తి న్యాయం జరగలేదు. అయితే ఆ తర్వాత ఆ పిల్ల ప్రతి శనివారం అమ్మ పనిరోజులు పుస్తకంలో రాసి మేస్త్రీ చేత సంతకం పెట్టించుకుంటోంది. పక్కిళ్లవాళ్లూ తమవి రాయించుకోవడానికి ఆ పిల్ల దగ్గరికే వస్తున్నారు.

ఉపాధి హామీ పనిలోనూ ఇదే. గుంతకు కూలి పొడవు, వెడల్పు, లోతు కొలిచి కడతారు. మూడూ గుణిస్తే వచ్చేది ఘనపరిమాణం. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, అర మీటరు లోతు తవ్వితే అర ఘనపు మీటరు. పార పట్టుకునే అన్నకు తన గుంత కొలత తనకు తెలిస్తే, టేపు పట్టుకున్నవాళ్లు ఎంత రాశారో అడగగలడు.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మొదటి సూత్రమే బడి చదువును బడి బయటి జీవితంతో కలపమంటుంది. ఉపాధ్యాయులకు మేము చెప్పగలిగేది ఇంతే. కొత్త పాఠం మొదలుపెట్టే ముందు ఆ లెక్క ఈ కాలనీలో ఎవరు చేస్తున్నారో అడగండి. చేపలమ్మే అవ్వను, బుట్టలల్లే పెద్దమ్మను ఒక గంట బడికి పిలవండి. పిల్లవాడు నోటితో చెప్పిన దారిని తప్పు అనకుండా ముందు అట్లాగే రాయించండి, తర్వాత పుస్తకం దారి చూపించండి. రెండోది మానేయవద్దు. పుస్తకం దారి తెలియనివాడు ఎదుటివాడి పుస్తకాన్ని చదవలేడు.

చదువుకున్న తమ్ముళ్లకూ, చెల్లెళ్లకూ ఒక మాట. మీ కాలనీలో పది ఇళ్లకు ఒక నోటుబుక్కు పెట్టండి. పనిరోజులు, కూలి, తెచ్చిన అప్పు, కట్టిన వడ్డీ వారానికి ఒకసారి రాయండి. రాసింది పైకి చదివి వినిపించండి. మన పెద్దలు నోటిలెక్కలో సరిచూస్తారు. తేడా వస్తే ఎక్కడ వచ్చిందో ఇద్దరూ కలిసి వెతకండి.