ఇంటిల్లిపాది చూచు తెర

కుటుంబమునకు అన్నవస్త్రములెంత యావశ్యకములో, దినాంతమున నందరును గలసి కూర్చుండి యొక గడియసేపు నవ్వుకొనుటయు నంత యావశ్యకమని నా నమ్మకము. మన పెద్దల కాలమున హరికథలును, తోలుబొమ్మలాటలును, పురాణకాలక్షేపములును ఆ పని చేసినవి. పిదప రేడియో వచ్చినది. దాని చుట్టును జేరి నలుగురును వినిరి. టెలివిజను వచ్చిన క్రొత్తలో వీధివారందరు నొక్క యింటనే చేరి చూచెడివారని మన తల్లులు చెప్పగా వినియున్నాము. సెల్‌ఫోను వచ్చిన తరువాత మాత్రము వినోదము పెరిగినది గాని కలయిక తరిగినది. ఇంటిలో నలుగురున్నచో నాలుగు మూలల నాలుగు చిన్న వెలుగులు కనబడుచుండును. ఒకరి నవ్వునకు గారణము మఱియొకరికి దెలియదు.

ఆదోనిలో మా యింటి స్థితియు నిట్లే యుండెను. మావారు పాఠశాలలో నుపాధ్యాయులు. మా అత్తగారికి కంటిపొర తీసి శస్త్రచికిత్స చేసిరి. అరచేతిలోని తెరను జూచుట యామెకు గష్టము. పిల్లలిద్దరును ఫోనుకై తగవులాడుచుండిరి. రెండేండ్లు చీటి కట్టగా వచ్చిన సొమ్ముతో గాజులు చేయించుకొనుటయా, ఇంటికంతకు నుపయోగపడు వస్తువును గొనుటయా యని యాలోచించి, మధ్యమ పరిమాణము గల ల్యాప్‌టాపు నొకదానిని గొంటిమి. పెద్ద టెలివిజను గొనరాదా యని యిరుగుపొరుగువా రడిగిరి. మా మిద్దెలోని నడిమిగది యిరుకు. కరెంటు పోయినచో టెలివిజను మూగవోవును. అదియుగాక మావారి పాఠములకును, పిల్లల చదువునకును, నా పుస్తకములకును గూడ నక్కఱకు రావలెను. దీనితో గడచిన రెండేండ్లలో నాకు దెలిసిన సంగతులు, కొనదలచు సోదరీమణులకు నుపకరింపగలవని యిట వ్రాయుచున్నాను.

మొదటిది తెర కొలత. ల్యాప్‌టాపు తెరను ఒక మూలనుండి యెదుటి మూలకు గొలిచి చెప్పుదురు. 13, 14 అంగుళములవి ప్రయాణములకు దగినవి. 17 అంగుళములవి బరువు. నడిమిరకము 15.6 అంగుళములది. దాని వెడల్పు సుమారు 34 సెంటీమీటర్లు, ఎత్తు 19 సెంటీమీటర్లు. అనగా నొక పెద్ద పుస్తకమును విప్పి నిలువబెట్టినంత. ఒక బారెడు దూరమున చాప పఱచుకొని నలుగురు చూచుటకు జాలును, పదిమందికి జాలదు.

ఈ తెరకు వెడల్పు 16 పాళ్లయిన ఎత్తు 9 పాళ్లు. మన పాత చిత్రములు దాదాపు 4కు 3 పాళ్ల లెక్కన దీసినవి. కావున 1951 నాటి మల్లీశ్వరిని గాని, 1957 నాటి మాయాబజారును గాని చూచునపుడు తెర కిరుప్రక్కల నల్లని పట్టీలు మిగులును. అది యంత్రము లోపము కాదు. పిల్లలు మీట నొక్కి బొమ్మను ప్రక్కలకు సాగదీయుదురు. అప్పుడు సావిత్రిగారును ఘటోత్కచునంత లావగుదురు. పట్టీలనట్లే యుంచుట మేలు.

రెండవది తెర నేత. నేను బుట్టినది ఎమ్మిగనూరు. అది నేతగాండ్ర యూరు. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన నేతగాండ్ర సహకార సంఘముచేత దానికి బేరు వచ్చినది. బట్ట కొనునపుడు అంచు మెఱుపును గాక, అంగుళమున కెన్ని పోగులున్నవో చూడుమని మా అమ్మ చెప్పెడిది. తెరయు నట్టి నేతయే. దానిలో బొమ్మ యంతయు సన్నని చుక్కలతో నేయబడును. చవుకరకమున అడ్డముగా 1,366, నిలువుగా 768 చుక్కలు. మొత్తము పదిలక్షల పైచిలుకు. మేలురకమున 1,920, 1,080. మొత్తము ఇరువదిలక్షల పైచిలుకు. ఒక్క 15.6 అంగుళముల తెరపైననే మొదటిదానిలో అంగుళమునకు 100 చుక్కలు పడగా, రెండవదానిలో 141 పడును. సినిమా చూచునపుడు ఈ భేదము స్వల్పముగా దోచవచ్చును గాని, తెలుగు చదువునపుడు స్పష్టము. మన లిపిలో వత్తులును, గుడులును, దీర్ఘములును మిక్కిలి సూక్ష్మములు. పలుచని నేతలో గుడికిని గుడిదీర్ఘమునకును భేదము చెదరిపోవును. అంతకంటె దట్టమైన తెరలును గలవు. అవి వెలను, బ్యాటరీ వ్యయమును బెంచును గాని, చాపమీద గూర్చున్న మన కన్నులకు వాని యాధిక్యము కానరాదు.

మూడవది ప్రక్కచూపు. ఒక్కరే యెదుట గూర్చుండి పనిచేయు యంత్రమునకు దీని యవసరము తక్కువ. కుటుంబమునకు మాత్రము ఇదియే ముఖ్యము. టి.ఎన్. అను చవుకరకపు తెరలు ఎదుటనుండి చూచినచో బాగుగనే యుండును. ప్రక్కనుండి గాని క్రిందినుండి గాని చూచినచో రంగులు వెలవెలబోవును. ఐ.పి.ఎస్. అను రకమున నీ దోషము చాల తక్కువ. మా యింట నెదుటి స్థానము పిల్లలది. అత్తగారు గోడకానుకొని ప్రక్కగా గూర్చుందురు. ఎదుటివారు చూచునదే ప్రక్కవారును జూడగలిగినప్పుడే యది యింటి తెర. అంగడిలో దీనిని బరీక్షించుట సులభము. బొమ్మ నడచుచుండగా రెండడుగులు ప్రక్కకు జరిగియు, పిదప కొంచెము వంగియు జూడవలెను. ఇందులకు శాస్త్రజ్ఞాన మక్కఱలేదు. నలుగురిలో వంగి చూచుటకు సిగ్గుపడకున్న జాలును.

నాలుగవది శబ్దము. ఈ విషయమున ఏ ల్యాప్‌టాపును సంపూర్ణముగా మెచ్చుకొన వీలులేదు. శరీరము పలుచన, అందలి స్పీకర్లు చిన్నవి, చిన్న పలక గాలిని ఎక్కువగా గదలింపజాలదు. కావున మాటలు స్పష్టముగనే వినవచ్చును గాని మంద్రనాదము కొఱతపడును. కచేరీ వినునపుడు మృదంగపు కుడిమూత పలుకులు వినబడును. ఎడమమూత గంభీరనాదము చాలవఱకు మాయమగును. స్పీకర్లు పెక్కింటికి అడుగుభాగమున నుండును. పరుపుమీద నుంచినచో గొంతు నొక్కినట్లగును. చెక్కపీటపై నుంచినచో శబ్దము పీటకు దాకి పైకి వచ్చును. సంగీతప్రియులు వేరుగా రెండు చిన్న స్పీకర్లను గొని తగిలించుకొనుట యుక్తము.

ఇక లోపలి సంగతి. మేము విచారించిన యంగళ్లలో నొకచోట, ఆటల కుపయోగించు ప్రత్యేకమైన గ్రాఫిక్సు కార్డు లేనిదే సినిమా చక్కగా రాదని చెప్పి, ఎక్కువ వెల దానిని మాకంటగట్టజూచిరి. అది నిజము కాదు. చలనచిత్రమును దాచునపుడు ప్రతి బొమ్మను బూర్తిగా దాచరు. చాలవఱకు ముందటి బొమ్మకును దీనికిని గల భేదమును మాత్రమే వ్రాసి పెట్టుదురు. చూచునపుడు యంత్రము దానిని మరల నల్లుకొనును. ఆ పనికై నేటి సామాన్యమైన ప్రాసెసరులందే యొక భాగమమర్చబడి యున్నది. అది తక్కువ విద్యుత్తుతో నా పని నెఱవేర్చును. గ్రాఫిక్సు కార్డు పోరాటముల యాటలాడు యువకులకు గావలయును. మనకు దానివలన గలుగునది వెలయు, వేడియు, ఫ్యాను రొదయు మాత్రమే. ఆ ధనమును ఎస్.ఎస్.డి. యందు వినియోగించుట మేలు. పాతరకపు హార్డుడిస్కులో నిమిషమునకు 5,400 మార్లు తిరుగు పళ్లెములుండును. పనిచేయుచుండగా పిల్లలు కుదిపినచో దెబ్బతినవచ్చును. ఎస్.ఎస్.డి.లో తిరుగు భాగమే లేదు; మీట నొక్కిన కొలది సెకండ్లలో యంత్రము మేల్కొనును. జ్ఞాపకశక్తి 8 జి.బి. యుండిన మా పనులన్నింటికి జాలినది. పాతయంత్రమును గొనువారు మాత్రము అందు విండోస్ 10 కలదేమో చూడవలెను. దానికి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్టువారి సామాన్య సంరక్షణము ముగిసినది.

విద్యుత్తు లెక్కయు గృహిణి తెలిసికొనదగినది. మా యంత్రపు బ్యాటరీ 45 వాట్‌గంటలది. సినిమా నడచునపుడు సుమారు 15 వాట్లు వ్యయమగును. అనగా మూడు గంటల చిత్రమొకటి కరెంటు లేకయే చూడవచ్చును. ఈ లెక్కన నొక యూనిటు కరెంటుతో నిరువది రాత్రులు గడచును. బ్యాటరీ పాతబడినకొలది యీ కాలము తగ్గును.

మా ప్రాంతపు టెండ యీ యంత్రములకు శత్రువు. పెక్కు యంత్రములకు 35 డిగ్రీలవఱకే తగిన వేడియని తయారుచేయువారు చెప్పుదురు. చైత్రవైశాఖములలో ఆదోని వేడిమి 40 దాటును. ఆ దినములలో మధ్యాహ్నము దానిని ముట్టము. రెండవ శత్రువు దూది. ఆదోని పత్తివ్యాపారపు పట్టణము. పత్తి వచ్చు కాలమున గాలిలో సన్నని నూగు తేలుచుండును. అది ఫ్యాను రంధ్రములలో జేరి వేడిగాలి దారి మూసివేయును. వాడనప్పుడు పలుచని బట్ట కప్పుటయు, వాడునపుడు దానిని దీసివేయుటయు, నెలకొకమారు యంత్రము నాపి మెత్తని కుంచెతో రంధ్రములను దుడుచుటయు మాకలవాటు.

ఇప్పుడు నాకు మిక్కిలి ముఖ్యమైన సంగతి చెప్పెదను. నేటి ల్యాప్‌టాపులలో పెక్కింటికి డి.వి.డి. పెట్టు తావు లేదు. మనలో ననేకుల వివాహములు డి.వి.డి.లమీదనే యున్నవి. నాకు అమరమును, పోతనగారి భాగవతమును ఎదుట గూర్చుండబెట్టుకొని నేర్పినవారు మా నాయనగారు. 2009లో నా పెండ్లినాడు వారు పందిటిలో నిలిచి పద్యములు చదివి మమ్ము దీవించిరి. వారు పోయి నాలుగేండ్లయినది. వారి కంఠమున్నది ఆ డిస్కులమీదనే. మా డి.వి.డి. పెట్టె చెడి చిరకాలమైనది. ఇట్టి డిస్కులలో బొమ్మ నిలుచునది సన్నని రంగుపొరపై. ఎండకును వేడికిని ఆ పొర క్రమముగా మాయును. వేరుగా యు.ఎస్.బి. తీగతో దగిలించు డి.వి.డి. పెట్టె నొకదానిని దెప్పించితిమి. ఎమ్మిగనూరినుండి మా అమ్మ పంపిన ప్రతి, మాయొద్దనున్న ప్రతి, రెండింటిలో మొదటిది చదువబడలేదు. రెండవది గరగరలాడి, చాలసేపు నిలిచి, తుద కంతయు నెక్కినది.

ఆ రాత్రి చాపమీద నందరము గూర్చుండి చూచితిమి. తాతగారిని పసితనముననే పోగొట్టుకొన్న మా యమ్మాయి యా కంఠమును మొదటిమారు తెలివితో వినినది. పద్యము మూడుమార్లు వేయించుకొని, మఱునాడు వంటయింటిలోనికి వచ్చి, అర్థము చెప్పుమని యడిగినది. ఇప్పుడు వారమునకు రెండు పద్యములు నాయొద్ద నేర్చుకొనుచున్నది. ఆ చిత్రమును వేఱొక హార్డుడిస్కులో నొక ప్రతియు, మా అమ్మకు మఱియొక ప్రతియు నుంచితిమి. యంత్రము చెడవచ్చును, ఒక్కచోటనే యున్నది ఉన్నట్లు గాదు. ఇంట నిట్టి డిస్కులు గల సోదరీమణులు దయచేసి యాలస్యము చేయవలదు.

తుద కొక మాట. యంత్రమెంత మంచిదైనను, అది యెవరి చేతిలో నుండునో వారి యిష్టమే యింటి వినోదమగును. క్రొత్తలో మావారి ప్రశ్నపత్రములును, పిల్లల పాఠములును గలసి దినమంతయు దానిని మ్రింగివేసినవి. అప్పుడు నేను నెమ్మదిగా, కాని స్పష్టముగా, రెండు నియమములు కోరితిని. రాత్రి భోజనానంతరము గంటన్నరసేపు అది పీటమీద నుండవలెను. ఏమి చూడవలెనో దినమున కొకరు నిర్ణయింపవలెను, అందు అత్తగారి దినమును నా దినమును గూడ నుండవలెను. ఆదివారము మధ్యాహ్న మొక గంట నాది. మావారు నవ్వి యంగీకరించిరి. నా గంటలో ఇంటర్నెట్ ఆర్కైవు నందలి పాత తెలుగు గ్రంథముల పుటలను పెద్దవి చేసికొని చదువుచుందును; పెండ్లినాటినుండి చేయి విడిచిన ప్రబంధములు మరల చేతికి వచ్చినవి.

మాయాబజారులో ప్రియదర్శినియను పెట్టె గలదు. దానిని దెఱచినవారికి వారివారికి బ్రియమైనది కనబడును. శశిరేఖ కభిమన్యుడు కనబడెను. అది యొక్కొక్కరికి వేఱువేఱుగా జూపు పెట్టె. మన చేతిలోని ఫోనునకు సరిపోలును. ఇంటికి గావలసినది మాత్రము ఒకరికి బ్రియమైనదానిని తక్కినవారును గలసి చూచుటకు వీలుగలది. అంగడికి బోవునపుడు, సోదరీమణులారా, తెర కొలతను, నేతను, ప్రక్కచూపును మీరే స్వయముగా బరీక్షింపుడు. వీలైనచో ఇంటిలోని పెద్దావిడను గూడ వెంటబెట్టుకొని పొండు. ఆమె ప్రక్కనుండి చూచి బాగున్నదన్నచో నది బాగున్నట్లే.