సదస్సు ముగిశాకే అసలు పని!

పాస్టర్ల సదస్సుకి వెళ్లొచ్చిన వారి సంచిలో ఓ ఫైలు, ఓ గ్రూప్ ఫొటో, నాలుగు పేజీల నోట్సు ఉంటాయి. మరి ఊళ్లోని సంఘానికి ఏం మిగులుతుంది? ఆ జవాబు కళ్లారా చూడాలంటే డోర్నకల్ వెళ్లాల్సిందే!

నర్సీపట్నం దాటి గొలుగొండ మండలంలోకి అడుగుపెడితే కొండలు దగ్గరవుతాయి. అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట ఈ మండలంలోదే. ఈ చుట్టుపక్కల పల్లెల్లో అక్కడక్కడా చిన్న చిన్న ప్రార్థన మందిరాలు కనిపిస్తాయి. ఇలాంటి ఊళ్లలో సంఘాన్ని నడిపే పాస్టరుకి సదస్సుకి వెళ్లడమంటే చిన్న విషయం కాదు. బస్సు ఛార్జీలు చూసుకోవాలి. ఆదివారం ఆరాధన ఎవరికైనా అప్పజెప్పాలి. తీరా వెళ్తే... పెద్ద వేదిక, పెద్ద సంఘాల కథలు, పెద్ద పెద్ద ప్రణాళికలు. తిరిగొచ్చాక మళ్లీ అవే ముప్పై కుటుంబాలు! అక్కడ విన్నది ఇక్కడ పనికొస్తుందా అన్న సందేహం అప్పుడే మొదలవుతుంది.

వందేళ్ల కిందట ప్రపంచంలోని పెద్ద పెద్ద సదస్సులన్నీ తిరిగి, ప్రతిసారీ ఓ పల్లెటూరికే తిరిగొచ్చిన మనిషి ఒకరున్నారు. ఆయనే బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆ పల్లెటూరే డోర్నకల్.

గుడారంలో మొదలు

అజరయ్య తెలుగువారు కాదు. 1874లో తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టారు. తండ్రి ఓ పల్లె పాస్టరు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి వైఎంసీఏలో చేరారు. ఆ పని మీద 1902లో శ్రీలంకలోని జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు సొంత ఖర్చుతో దూర ప్రాంతాలకు బోధకుల్ని పంపుతున్నారని తెలిసి ఆశ్చర్యపోయారు. వాళ్లు చేయగలిగింది మనమెందుకు చేయలేం? తిరిగొచ్చాక ఆ ప్రశ్నను పక్కన పెట్టలేదు. 1903లోనే తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలైంది. విదేశీ డబ్బు లేకుండా, మనవాళ్ల కానుకలతో, మనవాళ్ల నాయకత్వంలో నడిచే సంస్థ అది. ఆ సంస్థ ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్.

1909లో గురువుగా అభిషేకం పొంది అజరయ్య అక్కడికి చేరారు. సింగరేణి బొగ్గు కోసం రైలు పట్టాలు పడ్డ ప్రాంతమది. ఆయన కాపురం మొదట్లో గుడారంలోనే. వయసు ముప్పై అయిదు. పట్టుబట్టి తెలుగు నేర్చుకున్నారు. ఎడ్ల బండి మీదా, సైకిలు మీదా ఊళ్లు తిరిగారు. భార్య అన్బు ఆడవాళ్ల మధ్య పనిచేశారు.

ఎడిన్‌బరోలో ఓ చేదు మాట

ఏడాది తిరక్కుండానే పిలుపొచ్చింది. 1910 జూన్‌లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ. సుమారు 1,200 మంది ప్రతినిధులు. అందులో ఆసియా వాళ్లు ఇరవై మందికి మించరు! డోర్నకల్ గుడారం నుంచి వెళ్లిన అజరయ్యకు మాట్లాడే అవకాశం దొరికింది. ఆయన పొగడ్తలతో సరిపెట్టలేదు. మిషనరీల త్యాగాలకు కృతజ్ఞతలు చెబుతూనే, వారికీ స్థానిక సేవకులకూ మధ్య దూరం ఉందని సూటిగా అనేశారు. తమకు కావాల్సింది దయ కాదు, స్నేహమన్నారు. సభలో కొందరికి ఆ మాటలు మింగుడు పడలేదు. కానీ ఆ మహాసభ పేరు చెబితే ఇప్పటికీ చాలామందికి ముందు గుర్తొచ్చే ప్రసంగం అదే.

విశేషం ఆ తర్వాత ఉంది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్య బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. ఇప్పుడు అధికారం తన చేతిలో ఉంది. పైగా తెలుగువారి మధ్య తానూ బయటివాడే! ఎడిన్‌బరోలో ఇతరుల్ని అడిగింది ఇక్కడ తాను ఇవ్వగలడా? పరీక్ష అదే. 1924 నాటికి డోర్నకల్ అధ్యక్ష మండలంలో ఆంగ్లేయ గురువులు 8 మంది అయితే, భారతీయ గురువులు 53 మంది. 1935 నాటికి గ్రామ ఉపాధ్యాయులే 2,000 మందిని దాటారు. వేదిక మీద అన్న మాటను ఊళ్లో చేసి చూపడం... ఏ పాస్టరైనా నేర్చుకోదగ్గ మొదటి పాఠం ఇదే.

రెండు రోజులు... 28 ఏళ్లు!

సదస్సు గొప్పదనం జనసంఖ్యలో లేదని చెప్పే ఊరు మరొకటి ఉంది. అది తమిళ తీరంలోని తరంగంబాడి. 1706లో తొలి ప్రొటెస్టెంట్ మిషనరీ జీగెన్‌బాల్గ్ అడుగుపెట్టిన చోటు. 1919 మే నెలలో 33 మంది అక్కడ రెండు రోజులు కూర్చున్నారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. అజరయ్య అందులో ముఖ్యులు.

వారి బాధ సామాన్యమైంది కాదు. ఈ ఊరికి ఏ దేశపు మిషన్ వచ్చిందో ఈ ఊరివాళ్లు ఆ సంఘం వాళ్లు. పక్క ఊళ్లో ఉన్న బంధువులు వేరే సంఘం. ఒకరి బల్ల దగ్గర మరొకరు చేయి చాపలేని పరిస్థితి! ఎక్కడో ఐరోపాలో వచ్చిన తగాదాను మన పల్లెలు ఎందుకు మోయాలి? సంఘాలు ఏకం కావాలని ఆ 33 మంది ప్రకటన చేశారు. 1927లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్ మహాసభలోనూ అజరయ్య ఇదే గొంతు వినిపించారు.

ప్రకటనకు రెండు రోజులు పట్టింది. అమలుకు 28 ఏళ్లు పట్టింది. బిషప్‌ల అధికారం ఎంత, బిషప్ చేతుల మీదుగా అభిషేకం పొందని పాస్టర్ల హోదా ఏమిటి... ఇలా ఏళ్ల తరబడి చర్చలు. చివరికి 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జ్ కథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) పుట్టింది. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు ఒక్కటయ్యాయి. కెనడా బాప్టిస్టులు పనిచేసిన నర్సీపట్నం వైపు సంఘాలు ఆ కలయికలో లేవు. అయినా ఓపిక పాఠం అందరిదీ.

ఆ రోజు చూడ్డానికి అజరయ్య లేరు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

గుమ్మటాల చర్చి

1938 డిసెంబరులో మద్రాసు దగ్గర తాంబరంలో అంతర్జాతీయ మిషనరీ మహాసభ జరిగింది. ఎడిన్‌బరోలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఉన్న ఆసియావాసులు ఈసారి పెద్ద సంఖ్యలో కూర్చున్నారు. 29న సభ ముగిసింది. సరిగ్గా ఎనిమిది రోజులకు, 1939 జనవరి 6న, డోర్నకల్‌లో ఎపిఫనీ కథెడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. దాని నిర్మాణానికి పట్టిన కాలం పాతికేళ్లు!

మెదక్ చర్చి తెలిసినంతగా ఇది చాలామందికి తెలియదు. చూస్తే మాత్రం కాసేపు నిలబడిపోతారు. ఇంగ్లండు నుంచి తెచ్చిన నమూనా కాదిది. పైన మసీదును తలపించే గుమ్మటాలు, మినార్లు. లోపల గుడి మండపాన్ని గుర్తుచేసే స్తంభాలు, వాటిపై తామరపూలు. ఈ నేల మీద పుట్టిన వాడు పరాయి ఇంట్లోకి వచ్చినట్టు తలవంచుకుని రాకూడదన్నది అజరయ్య ఆలోచన. సదస్సుల్లో ఎన్నో దేశాలు చూసిన మనిషి, తన ఊరికి నకలు తేలేదు!

డబ్బు విషయంలోనూ అంతే. కానుకల గురించి ఆయన రాసిన 'క్రిస్టియన్ గివింగ్' పుస్తకం 1939లో వచ్చింది. పేద సంఘమైనా తన కాళ్ల మీద తాను నిలబడాలన్నది దాని సారం. అన్నం వండే ముందు దేవుడి కోసం పిడికెడు బియ్యం పక్కన పెట్టే అలవాటు ఇప్పటికీ మన పల్లె సంఘాల్లో ఉంది. గొలుగొండలోనైనా, డోర్నకల్‌లోనైనా సంఘం బలం ఆ పిడికిట్లోనే.

ఎలా వెళ్లాలి?

కాజీపేట-విజయవాడ రైలు మార్గంలో ఖమ్మం, మహబూబాబాద్‌ల మధ్య వస్తుంది డోర్నకల్ జంక్షన్. భద్రాచలం రోడ్ లైను ఇక్కడే చీలుతుంది. ఊరు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. నర్సీపట్నం వైపు నుంచి వచ్చేవాళ్లు తునిలోనో అనకాపల్లిలోనో విజయవాడ మీదుగా వరంగల్ వెళ్లే రైలెక్కి ఖమ్మంలో దిగొచ్చు. అక్కడి నుంచి రైల్లో అరగంట ప్రయాణం. కథెడ్రల్ ఆవరణలోనే అజరయ్య సమాధి ఉంటుంది. అది కూడా చూసి రండి.