సుక్ర అని పిలిస్తే

శుక్రవారం పుట్టానని ఇంట్లో నన్ను సుక్ర అన్నారు. మా అరకు కొండల్లో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టడం చాలా ఇళ్లలో ఉన్నదే. ఆశ్రమ పాఠశాలలో చేర్చిన రోజు మాస్టారు నాన్నను నా పేరు అడిగారు. నాన్న చెప్పాడు. మాస్టారు నవ్వి, "ఇదేం పేరు? సురేష్ అని రాస్తాను" అన్నారు. నాన్నకు వచ్చింది ఆదివాసీ ఒడియా. తెలుగు అంతంత మాత్రం. తలూపాడు.

ఆ రాత్రి పెద్ద పిల్లలు హాస్టలు వెనక చింతచెట్టు మీద దెయ్యం ఉందన్నారు. నాకు దానికన్నా పొద్దున్న హాజరంటేనే భయం వేసింది. సురేష్ అని పిలిస్తే పలకలేదు. పక్కవాడు మోచేత్తో పొడిచాడు. వారం తిరిగేసరికి అలవాటైపోయింది.

విశాఖలో డిగ్రీ చదువుతుండగా లైబ్రరీలో ఒక ఇంగ్లీషు నవల దొరికింది. అమెరికా రచయిత్రి ఉర్సులా లె గ్విన్ 1968లో రాసిన 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'. డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు నెలలు చదివాను. గెడ్ అనే కుర్రాడు కొండల దీవిలో మేకలు కాస్తాడు. తెల్లవాడు కాడు, మనలాగే చామనఛాయ. మంత్రవిద్య నేర్పే బడికి సముద్రం దాటి వెళ్తాడు. అసలు పేరు చెబితేనే ఆ బడి గుమ్మం దాటగలడు. అక్కడ పుస్తకం మూసేశాను. మేము అసలు పేరు గుమ్మం బయట వదిలేసి లోపలికి వెళ్లినవాళ్లం కదా.

తోటి విద్యార్థి ముందు గొప్పకు పోయి గెడ్ చచ్చినవాళ్ల లోకం నుంచి ఆత్మను పిలుస్తాడు. దాంతో ఒక నల్లని నీడ బయటపడి అతన్ని తరుముతుంది. పారిపోయినంత కాలం దానిదే బలం. చివరికి తానే దాన్ని వెతుక్కుంటూ వెళ్లి, తన సొంత పేరుతో పిలుస్తాడు.

నా నీడ ఏదో నాకు తెలుసు. ఒకసారి నాన్న పనసపండు మోసుకుని కాలేజీ హాస్టలుకు వచ్చాడు. గేటు దగ్గర "సుక్ర ఉన్నాడా?" అని అడిగాడు. "అలాంటి పేరుగలవాడు లేడు" అన్నాడు వాచ్‌మన్. నేను స్నేహితులతో పది అడుగుల దూరంలోనే ఉన్నాను. విన్నాను. పలకలేదు. తరవాత ఒక్కణ్ణే బస్టాండుకు పరిగెత్తాను. నాన్న ఏమీ అనలేదు. పండు చేతిలో పెట్టి బస్సెక్కాడు.

లె గ్విన్ తండ్రి ఆల్ఫ్రెడ్ క్రోబర్ మానవశాస్త్రవేత్త. కాలిఫోర్నియాలో యాహి తెగవాళ్లంతా పోగా మిగిలిన ఒకే ఒక్క మనిషి 1911లో కొండలు దిగి వచ్చాడు. తన పేరు తాను చెప్పుకోకూడదన్నది వాళ్ల కట్టుబాటు. చెప్పేందుకు అతని వాళ్లెవరూ మిగల్లేదు. క్రోబర్ అతన్ని 'ఇషి' అన్నాడు. యాహి భాషలో మనిషి అని అర్థం. 1916లో అతనితోపాటు అసలు పేరూ పోయింది. మన పేర్లు చెప్పడానికి అమ్మానాన్నలు ఇంకా ఉన్నారు.

ఇప్పుడు నేనూ మాస్టారునే. అడ్మిషన్ల రోజు తల్లినే అడుగుతాను, ఇంట్లో ఏమని పిలుస్తారని. చెప్పింది చెప్పినట్టే రాస్తాను. పలకడం రాకపోతే మళ్లీ చెప్పించుకుంటాను. తోటి మాస్టార్లను అడిగేదీ ఇంతే. నా సర్టిఫికెట్ల మీద సురేష్ అనే ఉంది. నాన్న ఫోన్ చేస్తే మాత్రం స్టాఫ్‌రూములో అందరి ముందూ పలుకుతున్నాను: "సుక్రనే మాట్లాడుతున్నాను, చెప్పు నాన్నా."